పైపూతతో పోదు... పస్తుతో తగ్గదు!

పొడి చర్మానికీ, పెరిగే బరువుకూ కంచంలోనే లంకె

ఆదిలాబాద్: దీపావళి దాటిందంటే జిల్లాలో చలి ముదురుతుంది. సంక్రాంతి నాటికి కొన్ని మండలాల్లో రాత్రి ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు దిగిపోయే రోజులుంటాయి. గాలిలో తేమ తగ్గుతుంది. కాళ్లు తెల్లగా పొడిబారతాయి. మడమలు పగులుతాయి. గోటితో గీరితే ముంజేతి మీద సుద్దముక్కతో గీసినట్టు చారలు పడతాయి. మందుల దుకాణాల్లోనూ, కిరాణా కొట్లలోనూ పైపూతల అమ్మకం ఊపందుకునేది ఈ రోజుల్లోనే.

ఇదే కాలంలో మరో చిక్కు కూడా వస్తుంది. చలికి జడిసి పొద్దుటి నడక మానేస్తారు. ఇంట్లో సకినాలు, అరిసెలు తయారవుతాయి. పండగ పోయేసరికి నడుము దగ్గర బట్టలు బిగుతవుతాయి. అప్పుడు కొందరు రాత్రి భోజనం మానేస్తారు. కొందరు నూనె చుక్క ముట్టబోమని ఒట్టు పెట్టుకుంటారు. ఫోన్‌లో ఎవరో చెప్పారని వారం రోజులు పళ్ల రసాలతో గడిపేవారూ ఉన్నారు.

చర్మం పగిలితే పూత, ఒళ్లు పెరిగితే పస్తు. ఇదీ ఇప్పుడు చాలా ఇళ్లలో నడుస్తున్న వైద్యం. ఈ రెండింటికీ సంబంధం లేదని మనం అనుకుంటాం. కాని రెండింటి లెక్కా చాలావరకు ఒకే కంచంలో ఉంది. అంతేకాదు, ఒకదానికి చేసుకునే సొంత వైద్యం రెండోదాన్ని ముదరబెడుతుంది. బరువు తగ్గాలని నూనె పూర్తిగా మానేసి, నెలల తరబడి అరకొర తిండితో నెట్టుకొచ్చేవారి చర్మం ఎండుతుంది. చర్మం మెరవాలని నెయ్యి, జీడిపప్పు, బాదంపప్పు ఇష్టం వచ్చినట్టు తినేవారి బరువు పెరుగుతుంది. మధ్యేమార్గం ఏమిటో తెలుసుకుంటే డబ్బూ ఆదా, ఒంటికీ సుఖం.

ఇటుకల మధ్య సున్నం

చర్మం పై పొరను శాస్త్రజ్ఞులు ఇటుకల గోడతో పోలుస్తారు. ఎండి, చదునైన కణాలు ఇటుకలు. వాటి సందుల్లో ఉండే కొవ్వు పదార్థం సున్నం. సున్నం సరిగా ఉన్నంతకాలం ఒంట్లోని తడి బయటకు పోదు. అది పలచబడితే తడి ఆవిరైపోతుంది, చర్మం పొలుసులు లేస్తుంది. ఈ సున్నం తయారు కావడానికి లినోలిక్ ఆమ్లం అనే ఒక కొవ్వు ఆమ్లం కావాలి. దాన్ని మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు. తిండి ద్వారా రావలసిందే.

ఈ సంగతి బయటపడింది ఎలుకల మీద జరిగిన ఒక పరీక్షలో. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు 1929లో కొన్ని ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని ఆహారం పెట్టి పెంచారు. మిగతా పోషకాలన్నీ ఇచ్చారు. అయినా ఎలుకలు ఎదగలేదు. వాటి చర్మం పొలుసులుగా మారింది, తోకలు గరుకెక్కాయి. అవి నీళ్లు ఎక్కువగానే తాగాయి. కాని చర్మం గుండా తడి పోతూనే ఉంది. ఆహారంలో కొద్దిపాటి కొవ్వు చేర్చగానే కోలుకున్నాయి. ఆ కొవ్వులో పనిచేసిన పదార్థం లినోలిక్ ఆమ్లమని వారే మరుసటి ఏడాది వెల్లడించారు.

చర్మం పొడిబారితే "నీళ్లు బాగా తాగండి" అని సలహా ఇవ్వడం మామూలు. ఒంటికి నీరు అవసరమే, రోజుకు ఎనిమిది గ్లాసులు తాగడం మంచిదే. కాని సరిపడా తాగుతున్న మనిషి అదనంగా మరో నాలుగు గ్లాసులు తాగినంత మాత్రాన చర్మం నునుపెక్కదు. కుండకు నెర్రె ఉంటే ఎన్ని నీళ్లు పోసి ఏం లాభం?

కప్పచర్మం మన దగ్గరి జబ్బే

ఈ లోపం బాగా ముదిరితే మోచేతుల మీద, మోకాళ్ల మీద, తొడల మీద గరుకైన మొటిమల్లాంటి బుడిపెలు లేస్తాయి. చేత్తో తడిమితే ముళ్లలా తగులుతాయి. దీనికి వైద్యులు పెట్టిన పేరు ఫ్రైనోడెర్మా, అంటే కప్పచర్మం. 1933లో లూసియస్ నికోల్స్ అనే వైద్యుడు ఈ పేరు పెట్టారు. దక్షిణ భారతదేశంలోని పేద పిల్లల్లో ఇది ఒకప్పుడు బాగా కనిపించేది. తర్వాత తగ్గినా, ఇప్పటికీ చర్మవ్యాధుల వైద్యుల దగ్గరికి ఇలాంటి పిల్లలు వస్తూనే ఉన్నారు.

దీని కారణాలు వెదికినవారిలో ముఖ్యులు డాక్టర్ సి.గోపాలన్. 1947లో ఆయన ఈ జబ్బుపై పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పట్లో ఆ పరిశోధనశాల నీలగిరి కొండల్లోని కూనూరులో ఉండేది. 1918లో ఒకే ఒక్క గదిలో మొదలైన ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. నూనెల్లోని అవసరమైన కొవ్వు ఆమ్లాలు, బి విటమిన్లు అందితే కప్పచర్మం నయమవుతుందని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఎ విటమిన్ లోపం కూడా చర్మాన్ని గరుకెక్కిస్తుంది. ఈ విటమిన్‌కూ నూనెకూ ఒక సంబంధం ఉంది. మునగాకు, పాలకూర, క్యారెట్, బొప్పాయిల్లో ఉండే ఎ విటమిన్ సరుకు ఒంటబట్టాలంటే కాస్త కొవ్వు తోడు కావాలి. కూర మంచిదే వండి, నూనె చుక్క కూడా వేయకపోతే అందులో చాలా భాగం వృథా.

ఏ నూనెలో ఎంత?

అన్ని నూనెల్లోనూ లినోలిక్ ఆమ్లం ఒకే మోతాదులో ఉండదు. సాధారణ రకం కుసుమ నూనెలో నాలుగింట మూడు వంతుల వరకు ఉంటుంది. పొద్దుతిరుగుడు నూనెలో సగానికి పైగా, నువ్వుల నూనెలో 40 శాతం దాకా ఉంటుంది. తవుడు నూనె, పల్లీ నూనెల్లో సుమారు మూడో వంతు. పామాయిల్‌లో 10 శాతం. కొబ్బరి నూనెలో, నెయ్యిలో బహు తక్కువ.

కొబ్బరి నూనె పనికిరానిదని దీని అర్థం కాదు. తినే నూనె పని వేరు, రాసే నూనె పని వేరు. తడి ఒంటికి రాస్తే కొబ్బరి నూనె చక్కగా తేమను పట్టి ఉంచుతుంది. లోపలి గోడ కట్టడానికి మాత్రం నువ్వులు, పల్లీలు, కుసుమల వంటివి కావాలి. అవిసె గింజల్లో ఉండేది ఒమేగా-3 అనే మరో రకం అవసరమైన కొవ్వు. రోజుకు ఒక చెంచా అవిసె పొడి చాలు. ఇవేవీ పరాయి సరుకులు కావు. నువ్వుల పొడి, పల్లీల పచ్చడి, అవిసెల కారం మన పెద్దలు చలికాలంలో చేసుకు తిన్నవే. ఖరీదైన విదేశీ గింజల కోసం పట్నం పరుగెత్తనక్కర్లేదు.

అయితే ఒక్క హెచ్చరిక. ఏ నూనైనా గ్రాముకు 9 కేలరీలు ఇస్తుంది. అన్నం, పప్పుల్లోని పిండి పదార్థం, మాంసకృత్తులు ఇచ్చేది గ్రాముకు 4 మాత్రమే. కుసుమ నూనె మంచిదని గరిటెలతో పోసుకుంటే చర్మం సంగతి ఎలా ఉన్నా పొట్ట పెరగక తప్పదు.

నెల సరుకుల చీటీ చూసుకోండి

మరి ఎంత తినాలి? ఓ మాదిరి శ్రమ చేసే పెద్దవారికి రోజుకు 2,000 కేలరీల ఆహారం ఎలా ఉండాలో జాతీయ పోషకాహార సంస్థ లెక్క కట్టింది. 2024లో విడుదలైన మార్గదర్శకాల్లో ఇది ఉంది. వండక ముందు తూకంలో ధాన్యాలు సుమారు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. మాంసాహారులు పప్పులో కొంత తగ్గించి గుడ్డు, చేప, కోడిమాంసం తీసుకోవచ్చు.

దీన్ని నెల లెక్కకు మార్చి చూడండి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు ధాన్యాలు 30 కిలోలు, పప్పులు 10 కిలోలు, నూనె మూడుంపావు కిలోలు, అంటే సుమారు మూడున్నర లీటర్లు కావాలి. ఇప్పుడు మీ ఇంటి సరుకుల చీటీ తీయండి. బియ్యం ఎంత, పప్పు ఎంత, నూనె ప్యాకెట్లు ఎన్ని? చాలా ఇళ్లలో బియ్యం ఈ లెక్కను ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పప్పు సగానికైనా రాదు. నూనె కొన్ని ఇళ్లలో రెట్టింపు, పేద ఇళ్లలో సగం.

బరువు పెరగడానికీ, చర్మం చెడడానికీ మూలం ఇక్కడే ఉంది. అన్నం కుప్పగా పోసుకుని పప్పు చారులా పలచగా తింటే ఆకలి తొందరగా వేస్తుంది. మళ్లీ తింటాం. కేలరీలు పెరుగుతాయి. చర్మం కణాలు నిత్యం రాలిపోతూ కొత్తవి పుడుతుంటాయి. వాటికి కావలసిన మాంసకృత్తులు, జింకు, ఇనుము మాత్రం అందవు. అంటే బరువెక్కిన మనిషి ఒంట్లోనూ పోషకాల కరువు ఉండవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి సుమారు 30 మంది మహిళలు అధిక బరువుతో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 36. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగానికి మించిన మహిళలకు రక్తహీనత ఉన్నట్టు తేలింది. కడుపు నిండినంత మాత్రాన ఒంటికి కావలసినవన్నీ అందినట్టు కాదని ఈ అంకెలు చెబుతున్నాయి.

జొన్న రొట్టె తింటే బరువు తగ్గుతారన్న నమ్మకం ఇప్పుడు పట్టణాల్లో ఎక్కువైంది. జొన్నల్లో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది. అది నిజమే. కాని తూకానికి తూకం కేలరీల్లో బియ్యానికీ జొన్నలకూ పెద్ద తేడా లేదు. రెండు రొట్టెలు మంచివని ఆరు తింటే ఫలితం దక్కదు. చాయ్ సంగతి కూడా చూసుకోవాలి. కప్పుకు రెండు చెంచాల చక్కెర చొప్పున రోజుకు నాలుగు కప్పులు తాగితే సుమారు 40 గ్రాముల చక్కెర, 160 కేలరీలు. చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పస్తుల వల్ల పోయేది

ముందుగా బరువు నిజంగా ఎక్కువ ఉందో లేదో తెలుసుకోవాలి. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. మన దేశస్థులకు వచ్చిన అంకె 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. 155 సెంటీమీటర్ల ఎత్తు, అంటే ఐదడుగుల ఒక అంగుళం ఉన్న మహిళ 55 కిలోల వరకు ఉండవచ్చు, 60 దాటితే జాగ్రత్త పడాలి. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించకూడదు. ఈ లెక్కలో సరిగ్గా ఉన్న అమ్మాయిలు కూడా సన్నబడాలని పొద్దుటి తిండి మానేస్తున్నారు. తగ్గించవలసిన బరువే లేనప్పుడు ఆ పస్తు ఎందుకు?

నిజంగా తగ్గవలసినవారు కూడా వారానికి అర కిలోకు మించి ఆశపడకూడదు. కఠినమైన పస్తులుంటే మొదట దిగేది చాలావరకు నీరు, కండ. కొవ్వు అంత తొందరగా కదలదు. కండ తరిగితే ఒంట్లో ఖర్చయ్యే శక్తీ తగ్గుతుంది. మామూలు తిండికి రాగానే బరువు తిరిగి వచ్చేస్తుంది. ఈలోగా శరీరం ఉన్న కొద్దిపాటి పోషకాలను గుండెకు, మెదడుకు మళ్లిస్తుంది. చర్మం, జుట్టు వెనకబడతాయి. పస్తు మొదలైన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు రావడం ఇందుకే. అప్పటికి పస్తు సంగతి మర్చిపోయి తలనూనె మారుస్తారు.

మెడ మీది నలుపు మురికి కాదు

బరువుకూ చర్మానికీ ఉన్న లంకె బాగా కనిపించేది మెడ మీద. కొందరికి మెడ వెనక, చంకల్లో చర్మం మందమై, ముఖమల్ గుడ్డలా మెత్తగా నల్లబడుతుంది. పిల్లల్లో ఇది చూసి తల్లులు సబ్బుతో, పీచుతో రుద్ది రుద్ది పుండు చేస్తారు. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి చాలామందిలో అదొక గుర్తు. ముందుముందు చక్కెర జబ్బు రావచ్చన్న హెచ్చరిక. రుద్దితే పోదు, బరువు తగ్గితే క్రమంగా పలచబడుతుంది. మెడ నల్లబడిన వారు, ముఖ్యంగా ఇంట్లో చక్కెర జబ్బు ఉన్నవారు రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఆహారం చాలని చోట

పథ్యాలన్నీ పక్కన పెట్టి వైద్యుణ్ని చూడవలసిన సందర్భాలున్నాయి. తిండి పెరగకుండానే బరువు పెరుగుతూ, చర్మం ఎండిపోతూ, అందరికంటే ఎక్కువ చలి వేస్తూ, మలబద్ధకం, నీరసం, జుట్టు రాలడం, నెలసరిలో తేడాలు కనిపిస్తే థైరాయిడ్ గ్రంథి మందగించి ఉండవచ్చు. ఇది ఆడవారిలో ఎక్కువ. చలికాలం కాబట్టి చర్మం పొడిబారింది, పిల్లలు పుట్టారు కాబట్టి ఒళ్లొచ్చింది అని సరిపెట్టుకుని ఏళ్ల తరబడి నెట్టుకొచ్చే ఇల్లాళ్లు ఎందరో. టీఎస్‌హెచ్ అనే చిన్న రక్తపరీక్షతో ఇది బయటపడుతుంది. రోజుకో మాత్రతో అదుపులోకి వస్తుంది. ఇలాంటివారిని పస్తులుండమనడం అన్యాయం.

విడవని దురద, పొడి చర్మం చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బుల్లోనూ ఉంటాయి. బరువు తగ్గించే ప్రయత్నమేదీ చేయకుండానే తగ్గిపోతుంటే సంతోషించకూడదు, పరీక్షకు వెళ్లాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుణ్ని అడగకుండా ఆహారం తగ్గించరాదు.

ఇల్లాలి కంచంలో ఏం మిగులుతోంది?

మన ఇళ్లలో ఒక ఆచారం ఉంది. మగవాళ్లు, పిల్లలు తిన్నాక ఇల్లాలు కూర్చుంటుంది. అప్పటికి గిన్నెలో కూర అడుగంటుతుంది, గుడ్లు అయిపోతాయి, పప్పులో చారే మిగులుతుంది. అన్నం మాత్రం ఉంటుంది. పారేయడం ఇష్టం లేక పిల్లలు వదిలేసిన ముద్దలు కూడా ఆమే తింటుంది. అన్నం ఎక్కువ, తక్కినవన్నీ తక్కువ. ఒళ్లు పెరగడానికీ, చర్మం, జుట్టు, రక్తం తరగడానికీ ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఆమె బరువును వెక్కిరించేవారు ముందు ఆమె కంచంలోకి తొంగిచూడాలి. అందరూ ఒక్కసారే కూర్చుని, కూర సమంగా పంచుకుంటే పైసా ఖర్చు లేకుండానే ఇంట్లో సగం వైద్యం జరిగినట్టు.

ఇలా చేసి చూడండి

* వంటకు నూనె సీసా నుంచి నేరుగా పోయకండి, చెంచాతో కొలవండి. మనిషికి రోజుకు ఐదారు చిన్న చెంచాలు సరిపోతాయి. రెండు రకాల నూనెలు మార్చి మార్చి వాడండి. బజ్జీలు కాల్చిన నూనెను మళ్లీ మళ్లీ కాచవద్దు.

* కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మిగతా సగంలో అన్నం లేదా రొట్టె, పప్పు, గుడ్డు వంటివి. ముందు కూర, పప్పు వడ్డించుకుని ఆ తర్వాత అన్నం పెట్టుకుంటే లెక్క దానంతటదే కుదురుతుంది.

* రోజుకు ఒక గుప్పెడు పల్లీలు లేదా నువ్వులు చాలు. బెల్లంతో ముద్దలు చేసుకుంటే రోజుకు ఒకటి. దాని బదులు ఇంకో చిరుతిండి మానాలి, దానికి అదనంగా తినకూడదు.

* పుంటికూర, పాలకూర, తోటకూర, మునగాకుల్లో ఏదో ఒకటి రోజూ కంచంలో ఉండాలి. జామ, ఉసిరి, నిమ్మల్లోని సి విటమిన్ ఆకుకూరల్లోని ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది. భోజనం వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము అందదు. గంట ఆగండి.

* పొగలు కక్కే నీళ్లతో అరగంట స్నానం చేస్తే చర్మం మీది జిడ్డు మొత్తం కొట్టుకుపోతుంది. గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాలు చాలు. ఒళ్లు తుడుచుకున్న మూడు నిమిషాల్లోనే, తడి పూర్తిగా ఆరకముందే నూనె రాయండి. పైపూత వాడేవారూ అప్పుడే రాసుకోవాలి.

* చలి తగ్గాక పొద్దున ఎనిమిదింటికైనా సరే, అరగంట వేగంగా నడవండి.

చర్మం పై పొర పూర్తిగా మారడానికి సుమారు నెల పడుతుంది. తిండి మార్చిన మూడో రోజున అద్దం చూసుకుని నిరాశ పడనక్కర్లేదు. బరువు కూడా నెలకు రెండు కిలోలు తగ్గితే మంచి ఫలితమే. రెండు నెలలు క్రమం తప్పకుండా పాటించినా మడమలు పగులుతూనే ఉంటే, బరువు కదలకపోతే కొత్త డబ్బా కొనవద్దు. ఆ డబ్బుతో ఒకసారి వైద్యుణ్ని కలవండి.